పశువుల్ని ముట్టుకున్న చేతులతోనే తినేస్తుంటే

పొలం చూడ్డానికి వచ్చిన పిల్లలు దూడల్నీ మేకపిల్లల్నీ నిమిరి, అదే చేత్తో బిస్కెట్ నోట్లో పెట్టేసుకుంటారు. చేతులు కడుక్కోమని బోర్డు పెట్టినా చూసేవాళ్లు తక్కువే. నేను కుళాయి చోటు మార్చాను, అంతే.

పశువుల దగ్గర్నుంచి బయటికి ఒక్కటే దారి ఉంచి, ఆ దారిలోనే కుళాయి ఉన్న 20 లీటర్ల డబ్బాలు రెండు పెట్టాను. ఒకటి పెద్దల నడుము ఎత్తులో, ఇంకోటి పిల్లలకు అందేలా రెండడుగుల ఎత్తులో. పక్కనే లిక్విడ్ సబ్బు. కింద కంకర పోస్తే బురద అవదు, ఎవరూ జారిపడరు. తినే చోటు మాత్రం కుళాయిలు దాటాకే ఉండాలి. సబ్బుతో 20 సెకన్లు, గోళ్ల సందులతో సహా రుద్దించండి. ఐదేళ్లలోపు పిల్లలైతే మరీ ముఖ్యం, పేడలో ఉండే కొన్ని రకాల ఈ.కోలై బ్యాక్టీరియా విడుదల చేసే విషం వాళ్ల కిడ్నీల్ని దెబ్బతీయొచ్చు.

ఒక్క జాగ్రత్త: నీళ్లు అయిపోయాయని శానిటైజర్‌తో సరిపెట్టకండి. పేడ, మట్టి అంటిన చేతుల మీద అది సరిగా పనిచేయదు, విరేచనాలు తెప్పించే క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి దానికి చావదు. అందరూ ఒకే బకెట్‌లో చేతులు ముంచడం ఇంకా ప్రమాదం. రద్దీ రోజున మూడో డబ్బా నింపి ఉంచుకోండి.