ఏటీవీతో కొండదారి పట్టే ముందు

వానలు వెనకబట్టి దారులు ఆరగానే షెడ్డుల్లోంచి ఏటీవీలు, అంటే రాళ్లలో బురదలో కూడా పోయే లావు టైర్ల బండ్లు, బయటికొస్తాయి. నెలల తరబడి కదలని బండి, వానలకు రూపు మారిపోయిన దారి, ఎప్పుడెప్పుడా అని ఎదురుచూసిన మనిషి, ఈ ముగ్గురూ ఒకే రోజు కలుస్తారు. అందుకే ఏడాదిలో మొదటి ట్రిప్ గురించి నాకు ఎక్కువ భయం. బయల్దేరే ముందు కొన్ని విషయాలు గట్టిగా చెప్పాలి.

అన్నిటికన్నా ముందు ఒక నమ్మకాన్ని పక్కన పెట్టాలి. నాలుగు చక్రాలున్నాయి కదా, బైక్‌లా పడిపోదులే అనుకుంటారు చాలామంది. పడుతుంది. ఏటీవీ వెడల్పు తక్కువ, నేల నుంచి ఎత్తు ఎక్కువ. మనం పైన కూర్చుంటే బరువంతా ఇంకా పైకి చేరుతుంది. బైక్ పడితే చాలాసార్లు మనం ఒక పక్కకి, బండి ఒక పక్కకి పోతాం. ఏటీవీ అలా కాదు, మన మీదకే దొర్లుతుంది. పెద్దవాళ్లు నడిపే బండ్లు చాలావరకు 200 నుంచి 400 కిలోల దాకా ఉంటాయి. అంత బరువు ఛాతీ మీద పడితే ఒంటి మీద పెద్ద గాయం లేకపోయినా ఊపిరి ఆడక నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ఆస్ట్రేలియాలో ఇలాంటి మరణాలు చూసి చూసి, 2021 అక్టోబర్ నుంచి పొలాల్లో వాడే తరహా కొత్త క్వాడ్ బైకులకు (నాలుగు చక్రాల ఏటీవీలకు) బోల్తా పడినప్పుడు మనిషిని కాపాడే రక్షణ చట్రం తప్పనిసరి చేశారు. అంతకుముందు 1988లో అమెరికాలో మూడు చక్రాల ఏటీవీల అమ్మకాలే ఆపించారు.

దీన్నిబట్టే మొదటి నియమం పుట్టింది: ఒంటరిగా వెళ్లకూడదు. మీద పడిన బండిని ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి, సాయం తేవడానికి ఇంకో బండి కావాలి. ఎంత అనుభవం ఉన్నా ఇందులో మినహాయింపు లేదు.

ట్రిప్ ప్లానింగ్‌లో దూరం కన్నా సమయం ముఖ్యం. మ్యాప్‌లో చిన్నగా కనిపించే దారి కోసుకుపోయి ఉండొచ్చు, చెట్టు పడి మూసుకుపోయి ఉండొచ్చు. అందుకని ఎక్కడిదాకా వెళ్లాలో కాదు, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో ముందే తేల్చుకోండి. ఆ టైమ్ అయ్యేసరికి చూడాల్సిన చోటు ఇంకో మలుపు దూరంలో ఉన్నా సరే, బండి తిప్పేయాలి. చీకట్లో తెలియని దారిలో దిగడం కన్నా ఆ చోటు ఇంకోసారి చూడటం మేలు. పెట్రోల్ విషయంలో పాత లెక్కే సరైనది. మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతా మూడో వంతు అనుకోని వాటికి. ఇసుకలో, బురదలో, ఎక్కుళ్లలో బండి మామూలు కన్నా చాలా ఎక్కువ తాగుతుంది.

ఆ దారిలో ఏటీవీలకు అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. అటవీ దారులైతే ఆ శాఖను, సొంత భూములైతే యజమానిని అడగాలి. మ్యాప్ ఫోన్‌లో ఆఫ్‌లైన్‌లో దించుకోండి. సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ తినేస్తుంది కాబట్టి ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి, జీపీఎస్ అప్పుడూ పనిచేస్తుంది. మారుమూలకు వెళ్లేవాళ్లు శాటిలైట్ మెసెంజర్ (టవర్ లేని చోటా ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం) కొనుక్కుంటే ఆ డబ్బు వృథా కాదు. ఏ దారిన వెళ్తున్నారో, ఎవరెవరు ఉన్నారో, ఏ టైమ్ దాటితే కంగారు పడాలో ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వండి. నోటితో చెబితే కంగారులో సగం మర్చిపోతారు.

ఇక బండి. టైర్ల దగ్గరే చాలామంది పొరపడతారు. ఏటీవీ టైర్లలో గాలి చాలా తక్కువ, చాలా మోడళ్లకు 4 నుంచి 7 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య. మామూలు కారు గేజ్ ఇంత తక్కువ గాలిని సరిగ్గా చూపించదు, తక్కువ పీఎస్‌ఐ చూపే గేజ్ విడిగా కొనాలి. ఎడమ టైర్‌లో ఒకలా, కుడి టైర్‌లో ఒకలా ఉంటే హ్యాండిల్ ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది. టైర్ పైభాగం పట్టుకుని లోపలికీ బయటికీ గట్టిగా ఊపి చూడండి. టకటకమంటూ ఆడితే బేరింగో బోల్టో వదులైందని అర్థం.

తర్వాత థ్రాటిల్, అంటే ఇంజిన్ వేగం పెంచే మీట. ఇంజిన్ ఆపి, హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పి బొటనవేలితో థ్రాటిల్ నొక్కి వదలండి. టక్కున వెనక్కి రావాలి. కుడికి తిప్పీ అలాగే చూడండి. నిటారుగా ఉన్నప్పుడు బాగానే ఉండి, మలుపు తిప్పినప్పుడు కేబుల్ బిగుసుకుని ఇంజిన్ రేజ్ అయ్యే బండ్లు ఉంటాయి. అది మలుపులో తెలిస్తే చేయగలిగింది చాలా తక్కువ. షెడ్డులో చాలాకాలం ఉన్న బండైతే ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరవండి, ఎలుకలు గూడు పెట్టి ఉండొచ్చు. బ్రేకులు, ఆయిల్, చైన్, లైట్లు, ఇంజిన్ ఆపే స్విచ్ కూడా చూసుకోవాలి. మణికట్టుకి కట్టుకునే తాడు స్విచ్ ఉంటే తప్పక కట్టుకోండి. మనం పడిపోయినా ఇంజిన్ ఆగిపోతుంది.

హెల్మెట్, గాగుల్స్, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా అందరికీ తెలిసినవే. నేను గట్టిగా చెప్పేది బూట్ల గురించి. చీలమండ పైదాకా వచ్చేవి, అడుగు జారనివి కావాలి. బండి ఒక పక్కకి ఒరగగానే కాలు కింద పెట్టి ఆపుకుందామని చూడటం బైక్ అలవాటు. ఏటీవీ మీద ఆ పని చేస్తే మన వెనక చక్రమే కాలి మీదకి ఎక్కి ఒంటిని కిందకి లాగేస్తుంది. ఏం జరిగినా పాదాలు ఫుట్‌రెస్ట్ మీదే ఉండాలి. చెప్పులతో అసలు ఎక్కొద్దు.

నడపడంలో ఒక్క సంగతి ఒంటికి పట్టించుకుంటే సగం పని అయినట్టే: ఈ బండి మీద కూర్చునే మనిషి లగేజీ కాదు. బరువు ఎటు వేస్తే బండి అటు నిలబడుతుంది. చాలా ఏటీవీలకు వెనక రెండు చక్రాలు ఒకే ఇరుసు మీద ఒకే వేగంతో తిరుగుతాయి, కాబట్టి అది నేరుగానే పోవాలని చూస్తుంది. మలుపుకి ముందే వేగం తగ్గించి, ఒంటిని మలుపు లోపలి వైపుకి వంచి, బయటి వైపు ఫుట్‌రెస్ట్ మీద బరువు వేయాలి. తారు రోడ్డు మీద ఈ బండి ప్రమాదం కావడానికీ ఇదే కారణం. మెత్తటి టైర్లు తారుని గట్టిగా పట్టుకుంటాయి, జారాల్సిన చక్రం జారదు, బండి ఒరిగిపోతుంది.

ఎక్కుడు కింద నిలబడి పైదాకా చూడండి. పై అంచు అవతల ఏముందో తెలియకపోతే దిగి నడిచి వెళ్లి చూసి రండి. ఎక్కేటప్పుడు తక్కువ గేర్, ఒళ్లు ముందుకు, మధ్యలో గేర్ మార్చాల్సిన పని లేకుండా. అయినా సగం ఎక్కాక ఇంజిన్ ఆగిపోవచ్చు. అప్పుడే ప్రాణం మీదకి వస్తుంది. బండి వెనక్కి జారడం మొదలవగానే కాలు వెనక బ్రేక్ మీదకి పోతుంది. ఆ ఒక్క తొక్కుతో ముందు చక్రాలు లేచి బండి వెనక్కి పల్టీ కొట్టొచ్చు. ఒళ్లు హ్యాండిల్ మీదకి వాల్చి, ముందు బ్రేక్ మెల్లగా పట్టాలి. పూర్తిగా ఆగాకే వెనక బ్రేక్, తర్వాత పార్కింగ్ బ్రేక్. ఆపైన ఎత్తు ఉన్న వైపుకి దిగాలి, పల్లం వైపుకి ఎప్పుడూ వద్దు. అన్ని చక్రాలకూ ఒకే బ్రేక్ ఉన్న మోడళ్లలో పద్ధతి వేరుగా ఉంటుంది, మాన్యువల్‌లో ఆ పేజీ ఒక్కటైనా చదవండి. ఇదంతా కొండ మీద నేర్చుకునేది కాదు, చిన్న దిబ్బ మీద ముందే ప్రాక్టీస్ చేయాలి.

దిగేటప్పుడు తక్కువ గేర్, ఒళ్లు వెనక్కి, ఇంజిన్ బిగువుతోనే దిగనివ్వండి. న్యూట్రల్‌లో ఎప్పుడూ వద్దు. వాలుకి అడ్డంగా పోవాల్సి వస్తే ఎత్తు వైపుకి వంగండి. బండి ఒరుగుతోందనిపిస్తే, కింద ఖాళీగా ఉంటే మెల్లగా పల్లం వైపుకి తిప్పండి. లేదంటే ఎత్తు వైపుకి దూకేసి బండిని వదిలేయండి. బండి పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

నీళ్లు ఫుట్‌రెస్ట్ దాకా వచ్చేట్టుంటే దాటొద్దు. ప్రవాహం వేగంగా ఉంటే అంతకన్నా తక్కువ లోతూ వద్దు, ఆ లావు టైర్లు నీటిలో తేలి బండిని పక్కకి తోసేస్తాయి. దాటాక రెండు మూడుసార్లు బ్రేక్ మెల్లగా నొక్కుతూ ఆరబెట్టుకోండి.

ఒక్కరి కోసమే చేసిన బండి మీద రెండో మనిషిని ఎక్కించొద్దు. సీటు పొడుగ్గా ఉన్నది రైడర్ ముందుకీ వెనక్కీ జరగడానికే, ఇద్దరి కోసం కాదు. పిల్లల విషయంలో నా మాట కఠినంగానే ఉంటుంది. పెద్దవాళ్ల ఏటీవీ పిల్లల చేతికి ఇవ్వకండి, పక్కనే ఉన్నాం కదా అని కూడా ఇవ్వకండి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 16 ఏళ్లలోపు వాళ్లు ఏటీవీ నడపకూడదనే చెబుతోంది. అంత బరువుని ఒంటితో అటూ ఇటూ ఒరిగించే బలం వాళ్లకి ఉండదు, ఫొటో కోసం కూర్చోబెట్టినా బొటనవేలు థ్రాటిల్ మీదే ఉంటుంది. మందు తాగినవాళ్లు ఆ రోజుకి నడపొద్దు.

గుంపుగా వెళ్లేటప్పుడు ముందొకరు, చివర ఒకరు అనుభవం ఉన్నవాళ్లు ఉండాలి. ఎవరి వెనక బండిని వాళ్లు కనిపెట్టుకోవాలి. దారి చీలిన ప్రతిచోటా వెనకవాళ్లు కనిపించేదాకా ఆగాలి. దుమ్ములో ముందు బండిని అంటుకుని పోకండి. గుర్రం ఎదురైతే పక్కకి తీసి, ఇంజిన్ ఆపి, నెమ్మదిగా పలకరించండి. మనిషి గొంతు వింటే దాని బెదురు తగ్గుతుంది.

ఎవరైనా బండి కింద చిక్కితే ముందు ఇంజిన్ ఆపండి, బండి ఇంకా దొర్లకుండా చూసి ఎత్తండి. మెడకి దెబ్బ తగిలిందనిపిస్తే, ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ తీయొద్దు, కదపొద్దు. తలకి దెబ్బ తగిలాక లేచి నవ్వుతూ నడిచినా ఆ రోజుకి అతనికి బండి ఇవ్వకండి, రాత్రంతా ఎవరో ఒకరు పక్కన ఉండండి. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులైనా, మాట తడబడినా, లేపినా సరిగ్గా లేవకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి నురగ నలిగిపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ ఎవరికీ పెట్టకండి, వచ్చే ట్రిప్‌కి కొత్తది కొనండి.