కరెంటు అక్కర్లేని మెషీన్ అంటే డబ్బు కట్టే ముందు ఇలా చూడండి

విశాఖలో గాజువాకలోనో కంచరపాలెంలోనో ఎవరైనా ఫ్లైవీల్ (బరువైన తిరిగే చక్రం) ఉన్న జనరేటర్ చూపించి ‘ఒక్కసారి స్టార్ట్ చేస్తే చాలు, ఇక డీజిల్ లేదు, కరెంటు బిల్లు లేదు’ అంటే, లోపల ఎన్ని అయస్కాంతాలున్నాయో చూస్తూ కూర్చోకండి. మెషీన్ మొత్తం చుట్టూ మనసులో ఒక గీత గీసుకుని, దాన్ని దాటి లోపలికి ఎంత శక్తి వస్తోంది, బయటికి ఎంత పోతోంది అని మాత్రమే లెక్కేయండి. శక్తి కొత్తగా పుట్టదు, రూపం మారుతుందంతే. వేడి, శక్తి లెక్కలు చెప్పే థర్మోడైనమిక్స్ శాస్త్రంలో మొదటి నియమం ఇదే.

ఎక్కువగా చూపించేది మోటారు జనరేటర్‌ని తిప్పడం, ఆ జనరేటర్ మళ్లీ మోటారుకే కరెంటివ్వడం. రెండూ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తాయనుకుందాం. మోటారుకి 1000 వాట్లు ఇస్తే షాఫ్ట్ మీద 800, జనరేటర్ నుంచి 640. మిగతా 360 బేరింగుల రాపిడిలో, కాయిల్స్ వేడిలో పోయాయి, కాసేపు నడిచాక మోటారు బాడీ మీద చెయ్యి పెడితే మీకే తెలుస్తుంది. ఇంకా బల్బు కూడా తగిలించలేదు! ఫ్లైవీల్ ఎంత బరువున్నా దాచుకున్నదే తిరిగిస్తుంది.

మరి డెమోలో బల్బు వెలిగింది కదా అంటారా? స్టార్టింగ్ బ్యాటరీ చూడండి. 12 వోల్టుల, 7 ఏంపియర్ అవర్ బ్యాటరీలో సుమారు 84 వాట్ అవర్లు ఉంటాయి, అది ఒక్కటే 9 వాట్ల ఎల్‌ఈడీని దాదాపు 9 గంటలు వెలిగించగలదు. అందుకే బ్యాటరీ వైర్లు పీకించండి, ఇస్త్రీపెట్టె లోడ్ పెట్టించండి, రాత్రంతా నడపమనండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి.

ఇంకో వాదన దీనికంటే చాలా తెలివైనది: రుషికొండ దగ్గర సముద్రం నిండా వేడి ఉంది, దాన్ని లాగి ఓడ నడిపి, చల్లబడ్డ నీళ్లు వెనక్కి వదిలేద్దాం. మొదటి నియమానికి దీంతో పేచీ లేదు, అడ్డుపడేది రెండోది. ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న చోటు నుంచి వేడి తీసుకుని, దాన్ని మొత్తం పనిగా మారుస్తూ ఆగకుండా తిరిగే ఇంజిన్ ఉండదు, కొంత వేడిని ఇంకో చల్లటి చోట వదలాల్సిందే. పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రానికి అంత పెద్ద కూలింగ్ టవర్లు అందుకే. వెయ్యి మీటర్ల లోతున నీళ్లు 5 డిగ్రీల దాకా చల్లగా ఉంటాయి కాబట్టి, పైన 28 డిగ్రీలుంటే ఆ తేడాతో ఇంజిన్ నడపొచ్చు, కానీ ఎంత గొప్ప ఇంజినైనా 8 శాతం దాటదు, పంపుల ఖర్చు మళ్లీ అందులోంచే.

పేటెంట్ కాగితం చూపిస్తే అది దరఖాస్తు రసీదా, మంజూరైన పేటెంటా అని అడగండి. ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనవాటికి పేటెంట్ ఇవ్వకూడదని 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3లోనే ఉంది.