షాపు డేటాకి గడువు పెట్టడం – మూడో పాఠం: లెక్క ఎప్పటి నుంచి?

పోయిన పాఠంలో మీ షాపులో ఉన్న డేటా అంతా ఒక నోటుబుక్కులో వరుసగా రాయమన్నాను కదా, అమ్మకం బిల్లులు, కొనుగోలు బిల్లులు, ఈ-వే బిల్లులు, లారీ రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతాల పట్టీ, వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లు, అన్నీ. ఆ పుస్తకం తెచ్చుకోండి. ఈరోజు ఒక్కో వరుసకీ ఎదురుగా రెండు తేదీలు రాద్దాం. మొదటిది, అది రోజూ వాడే కంప్యూటర్‌లోంచి అటక ఎక్కే తేదీ. రెండోది, అటక మీంచి కూడా తీసేసే తేదీ. ఆర్కైవ్ అంటే అటకే అనుకోండి, చెయ్యి చాపితే అందదు గానీ నిచ్చెన వేస్తే దొరుకుతుంది. చాలామంది ఈ రెండు తేదీల్నీ కలిపేస్తారు, దెబ్బ తినేది అక్కడే.

మా బాబాయి వాళ్లకి విజయవాడలో మోటార్లు, పైపుల హోల్‌సేల్ షాపు ఉంది, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 2022లో కంప్యూటర్ బాగా నెమ్మదించిందని సిస్టమ్ చూసే కుర్రాడికి చెబితే, "పాతవి తీసేస్తే స్పీడొస్తుంది సార్" అని 2020కి ముందున్న స్కానింగ్ ఫోల్డర్లన్నీ తుడిచేశాడు. 2023 డిసెంబర్‌లో 2018-19 సంవత్సరానికి జీఎస్టీ నోటీసు వచ్చింది. ఫలానా సప్లయర్ దగ్గర కొన్నట్టు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకున్నారు, ఆ సరుకు మీకు చేరిందని రుజువు చూపండి అని. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీలో పద్దు ఉంది, బిల్లు కాగితమూ ఉంది, సరుకు దిగినట్టు చూపించే లారీ రసీదు మాత్రం లేదు. అది ఆ ఫోల్డర్‌లోనే ఉండేది. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు చుట్టూ పదిహేను రోజులు తిరిగి, వాళ్ల పాత పుస్తకాల్లోంచి నకలు తెచ్చుకునేదాకా బాబాయికి ఒకటే టెన్షన్. "ఐదేళ్లయింది కదరా, ఇంకా అడుగుతారా?" అన్నాడు నాతో.

అడుగుతారు, ఎందుకంటే లెక్క మొదలయ్యేది బిల్లు తేదీ నుంచి కాదు. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, ఆ సంవత్సరపు వార్షిక రిటర్నుకి ఆఖరు తేదీ ఏదో అక్కడి నుంచి 72 నెలలు లెక్కలు ఉంచాలి. ఇప్పుడు 2018-19నే తీసుకుని కాగితం మీద వేయండి. ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ చివరికి 2020 డిసెంబర్ 31 దగ్గర ఆగింది. దానికి 72 నెలలు కలిపితే 2026 డిసెంబర్ 31. అంటే 2018 ఏప్రిల్‌లో కొట్టిన బిల్లుని ఎనిమిదేళ్ల ఎనిమిది నెలలు దాచాలన్నమాట! "ఆరేళ్లు చాలు" అని నోటిమాటగా చెప్పేవాళ్లు ఈ కూడిక చేసి ఉండరు.

బాబాయిది కంపెనీ కాబట్టి ఇంకో లెక్క కూడా ఉంది. కంపెనీల చట్టం 128వ సెక్షన్, నడుస్తున్న ఆర్థిక సంవత్సరానికి ముందున్న ఎనిమిది ఆర్థిక సంవత్సరాల పుస్తకాలు వోచర్లతో సహా ఉండాలంటుంది. 2026-27లో వెనక్కి ఎనిమిది లెక్కపెడితే 2018-19 దగ్గర ఆగుతాం, అంటే ఆ ఏడాది పుస్తకాలకి 2027 మార్చి 31 దాకా కదలిక లేదు. రెండు చట్టాలు రెండు తేదీలు చెబితే ఆలస్యంగా వచ్చేదే మన తేదీ. సొంత పేరు మీద నడిపే షాపుకి కంపెనీల చట్టం వర్తించదు, జీఎస్టీ లెక్క మాత్రం తప్పదు, ఆదాయపు పన్ను సంగతి మీ ఆడిటర్‌ని అడిగి పక్కన రాసుకోండి.

నోటీసో అప్పీలో నడుస్తుంటే ఈ తేదీలన్నీ ఆగిపోతాయి. అప్పీలు తుది తీర్పు వచ్చాక ఒక ఏడాది, లేదా ఆ 72 నెలలు, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా ఆ విషయానికి సంబంధించిన కాగితం ముట్టుకోకూడదు. అందుకే నోటుబుక్కులో మూడో గడి ఒకటి గీసి, దానికి "ఆపు" అని పేరు పెట్టండి. నోటీసు అందిన రోజే ఆ గడిలో ఎర్ర పెన్నుతో టిక్కు పడాలి. నా దృష్టిలో మొత్తం పట్టికలో అన్నిటికంటే ముఖ్యమైన గడి ఇదే, ఎందుకంటే తీసేసే పని చేసేవాడికీ నోటీసు అందుకునేవాడికీ మాటలుండవు.

ఇక మొదటి తేదీ, అటక ఎక్కించేది. దీనికి చట్టంతో పనిలేదు, కౌంటర్‌ని అడగాలి. ఒక తెల్లకాగితం కౌంటర్ దగ్గర అంటించి, పాత బిల్లు వెతికిన ప్రతిసారీ అది ఏ సంవత్సరానిదో రాయమనండి, నెల రోజులు చాలు. బాబాయి షాపులో ఎక్కువగా పడినవి గడిచిన రెండేళ్లవే, మోటారు వారంటీ కోసం రైతులు పట్టుకొచ్చినవి. అందుకని నడుస్తున్న ఏడాది, దాని వెనక రెండేళ్లు కంప్యూటర్‌లో ఉంచి మిగతాది అటక మీదికి అనుకున్నాం. టాలీలో అయితే కంపెనీ డేటాని స్ప్లిట్ చేయొచ్చు, అంటే పాత ఏళ్లవి వేరుగా విడదీయొచ్చు, కానీ ముందు బ్యాకప్ తీసి వేరే డ్రైవ్‌లో తెరిచి చూసుకోండి, ఆ తర్వాత వెరిఫై చేసి తప్పులు చూపిస్తే సరిచేసి, అప్పుడు స్ప్లిట్ చేయండి. కంపెనీలకి 2023 ఏప్రిల్ 1 నుంచి పద్దు ఎవరు ఎప్పుడు మార్చారో చూపించే ఎడిట్ లాగ్ తప్పనిసరి, అది కూడా పద్దులతోపాటే అటక ఎక్కాలి.

ఉద్యోగానికి వచ్చి చేరకుండా పోయినవాళ్ల ఆధార్ కాపీలకి మాత్రం పొడవాటి గడువులొద్దు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్పేదీ అదే, పని తీరాక, వేరే చట్టం ఉంచమననప్పుడు, చెరిపేయాలి.

వచ్చే పాఠానికి ముందు 2022-23 తీసుకుని మీరే వేయండి. దాని వార్షిక రిటర్ను గడువు 2023 డిసెంబర్ 31. జీఎస్టీ తేదీ, కంపెనీ తేదీ రెండూ రాసి ఏది ఆలస్యమో చుట్టండి. నాకు 2029 డిసెంబర్ 31, 2031 మార్చి 31 వచ్చాయి.