టీమ్ ప్రాజెక్టులో ఐడియాలకంటే ముందు చేయాల్సిన పని

డిజైన్ థింకింగ్ (వాడేవాళ్ల అవసరాల నుంచి మొదలుపెట్టి పరిష్కారం వెతికే పద్ధతి) ప్రాజెక్టు మొదలవగానే టీమంతా స్టిక్కీ నోట్ల మీద ఐడియాలు రాయడానికి కూర్చుంటుంది. కాస్త ఆగండి. ముందు ఇద్దరిద్దరుగా విడిపోయి, మీరు ఎంచుకున్న సేవను వాడేవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఒకరు అడగాలి, ఇంకొకరు వాళ్ల మాటలు ఉన్నదున్నట్టు రాసుకోవాలి. టోకెన్ నంబరు పిలిచేదాకా ఆగాల్సిన సేవ అనుకోండి. "క్యూ ఎక్కువ" అని కుదించి రాస్తే పనికిరాదు. "నా నంబరు దాటిపోతుందేమోనని బాత్రూమ్‌కి కూడా వెళ్లలేదు" అని పూర్తిగా రాస్తేనే అసలు టెన్షన్ దేనికో తెలుస్తుంది. "ఇలాంటి యాప్ ఉంటే వాడతారా?" అని మాత్రం అడగొద్దు, మొహమాటానికి అందరూ అవుననే అంటారు. "పోయినసారి ఏం జరిగింది?" అని అడగండి.

తర్వాత సర్వీస్ బ్లూప్రింట్, అంటే ఆ సేవ అడుగడుగునా ఎలా నడుస్తుందో చూపే పటం, గీయండి. బ్యాంకు అధికారి లిన్ షోస్టాక్ 1984లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వివరించిన ఈ పద్ధతిలో కీలకం మధ్యలో గీసే గీత: పైన కస్టమర్‌కు కనిపించేది, కింద కనిపించనిది. చాలా టీమ్‌లు పైభాగం నింపి వదిలేస్తాయి. నన్నడిగితే నేర్చుకునేదంతా కిందే ఉంది. నంబర్లు ఎవరు పిలుస్తారు, ఆ జాబితా వాళ్లకు ఎవరిస్తారు, వాళ్లు పక్కకెళితే ఏమవుతుంది? ఇవి కౌంటర్ వెనక పనిచేసేవాళ్లకే తెలుసు. వాళ్లను తప్పక కలవండి.

ప్రోటోటైప్‌కి (మీ ఐడియాను పరీక్షించే తొలి నమూనాకి) యాప్ అక్కర్లేదు. రెండు బల్లలు, కొన్ని కాగితం స్లిప్పులు చాలు. ఒకరు ఉద్యోగిగా, ఒకరు కస్టమర్‌గా నటించండి, మిగతావాళ్లు ఎక్కడ తడబడ్డారో రాసుకోవాలి. పాత్రలు మార్చి మళ్లీ చేయండి. కోడింగ్ బాగా వచ్చినవాళ్లను ముందు కస్టమర్ కుర్చీలో కూర్చోబెట్టండి.