ఎయిర్ పిస్టల్ గ్రూప్ చెదిరిపోతోందా? ముందు సైట్ స్క్రూ జోలికి పోకండి

చెన్నైలో పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకునే మన తెలుగు పిల్లలూ, వాళ్లని రేంజ్‌కి తీసుకొచ్చే అమ్మానాన్నలూ తరచూ అడిగేది ఇదే: నిన్నటిదాకా గుళ్లన్నీ ఒకేచోట దగ్గరగా (దాన్నే గ్రూప్ అంటారు) పడ్డాయి, ఇవాళ టార్గెట్ మీద చెల్లాచెదురుగా పడుతున్నాయి, పిస్టల్ పాడైందా అని. అడిగేలోపే రియర్ సైట్ (గురి చూసే వెనక భాగం) స్క్రూని నాలుగు క్లిక్కులు తిప్పేసి ఉంటారు, దాంతో అసలు లోపం ఎక్కడుందో ఇంకా తెలియకుండా పోతుంది.

గుళ్లు ఎటుపడితే అటు పోతున్నాయి

ముందు తేల్చాల్సింది తప్పు చేతిదా, పిస్టల్‌దా అన్నది. కోచ్ దగ్గరుండగా పిస్టల్‌ని ఇసుక సంచి మీద ఆనించి, ఒకే డబ్బాలోంచి అయిదు పెల్లెట్లు (ఎయిర్ పిస్టల్ గుళ్లు) కొట్టండి. రంధ్రాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయంటే పిస్టల్ శుభ్రంగా ఉంది, ట్రిగ్గర్‌ని మీరే గుంజేస్తున్నారు, ఇక పని చేతిమీదే.

ఆనించి కొట్టినా చెదిరితే పెల్లెట్ చూడండి. అది మెత్తటి సీసం, వెనక అంచు చాలా పల్చన. డబ్బా ఒక్కసారి కింద పడితే చాలు, ఆ అంచు సొట్టపోయి గుండు దారి తప్పుతుంది. సొట్టలు లేకపోతే సైజు సంగతి: పేరుకి అన్నీ 4.5 మిల్లీమీటర్లే అయినా తల సైజు 4.49, 4.50, 4.51 అని వేరువేరుగా అమ్ముతారు, ఒక బ్యారెల్‌కి కుదిరింది ఇంకోదానికి కుదరదు. ఒక్కో సైజు కొంచెం తీసుకుని, సంచి మీదే కొట్టి చూసి, ఆ తర్వాతే డబ్బాలు కొనండి. పెల్లెట్ మార్చిన రోజు ఇంకేదీ మార్చకండి.

ఖర్చు తగ్గుతుందని సీసం కరిగించి ఇంట్లోనే పోసుకుందామా అంటారు కొందరు. దయచేసి వద్దు. ఆ పొగా, ధూళీ పిల్లల మెదడుకి విషం, పైగా ఇంట్లో పోసినవాటికి ఒకే బరువు, ఒకే కొలత రావడం చాలా కష్టం. అసలు తుపాకీ తూటాలైతే లైసెన్సు లేకుండా తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.

గుళ్లు రానురాను కిందికి దిగుతున్నాయి

గాలి ఒత్తిడి తగ్గుతోంది. పిస్టల్‌కి గాలి అందించే సిలిండర్ విప్పి రాత్రంతా పక్కన పెట్టండి. పొద్దున్నకి దాని గేజ్ (ఒత్తిడి చూపే ముల్లు) పడిపోతే లీకు సిలిండర్‌లో, విప్పినప్పుడు నిలబడి పిస్టల్‌కి బిగించినప్పుడే పడిపోతుంటే పిస్టల్ సీళ్లలో (గాలి బయటికి పోకుండా ఆపే రింగుల్లో). గాలి నింపగానే సిలిండర్ వేడెక్కుతుంది కాబట్టి, ఏసీ హాల్లో చల్లబడ్డాక ముల్లు కాస్త దిగడం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. సీళ్లకి మాత్రం ఇంట్లో ఉన్న మెషీన్ ఆయిల్ పూయకండి, ఎక్కువ ఒత్తిడి గాలి దగ్గర నూనె అంటుకునే ప్రమాదముంది. మెకానిక్‌కే ఇవ్వండి.

రంధ్రం అంచు చిరిగి స్కోరు తెలియట్లేదు

గుండ్రటి తల పెల్లెట్ వాడుతున్నారు. చదును తలవి తీసుకోండి, కాగితం గుండ్రంగా తెగుతుంది.

పెల్లెట్ల మీద తెల్లటి పొడి

మన సముద్రపు గాలికి, అక్టోబర్-డిసెంబర్ వానలకి సీసం ఇలా పొడిబారుతుంది. అవి పారేసి, కొత్త డబ్బాని మూత గట్టిగా ఉన్న పెట్టెలో పెట్టండి. బ్యారెల్‌ని ఫెల్ట్ పెల్లెట్లతో (తుడవడానికి వాడే మెత్తటి ఉన్ని బిళ్లలు) తుడవండి, ఇనప కడ్డీ దూర్చకండి. ఆ పొడి ముట్టుకున్న చేత్తో టిఫిన్ డబ్బా తెరవొద్దు, సబ్బుతో కడిగాకే తినాలి.