బాయిలర్ మొరాయిస్తే: ఇంగ్లండ్‌లో సొంతిల్లు ఉన్నవాళ్ళకీ, ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళకీ

ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్నాక మన గీజర్ అనుభవం పెద్దగా అక్కరకు రాదు. చాలా ఇళ్ళలో కుళాయిలో వేణ్ణీళ్ళూ, గదుల్లో వెచ్చదనమూ రెండూ ఒకే బాయిలర్ నుంచి వస్తాయి, అది ఆగితే రెండూ పోతాయి. మీరు గుర్తుపెట్టుకోవాల్సిన గీత ఒక్కటే. నీళ్ళ వైపు తేడా వస్తే చాలావరకు మీరే చూసుకోవచ్చు. గ్యాస్ వైపు పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పనికి అర్హులైనవాళ్ళ అధికారిక జాబితా) ఉన్న ఇంజినీరే చేయాలన్నది చట్టం. బాయిలర్ కవర్ విప్పాల్సి వచ్చిందంటే అక్కడితో మీ పని అయిపోయినట్టే. ముందు ఆలస్యం చేయకూడనివి రెండు చెప్తాను.

గ్యాస్ వాసన వస్తోంది

ఏ స్విచ్చూ వేయొద్దు, వేసి ఉన్నది ఆపొద్దు. తలుపులు, కిటికీలు తెరవండి. మీటర్ దగ్గరి లివర్‌ను పైపుకు అడ్డంగా తిప్పితే సరఫరా ఆగుతుంది. మీటర్ సెల్లార్‌లో ఉంటే మాత్రం కిందికి దిగొద్దు. అందరూ బయటికి వచ్చాకే 0800 111 999కి ఫోన్ చేయండి. ఏ వేళైనా పలుకుతారు, డబ్బులు పడవు. వచ్చినవాళ్ళు ప్రమాదం లేకుండా చేసి వెళ్తారు తప్ప బాయిలర్ బాగుచేయరు, దానికి వేరే ఇంజినీర్‌ని పిలవాల్సిందే.

ఇంట్లో ఉంటే తలనొప్పి, ఆఫీసుకెళ్తే తగ్గిపోతోంది

తలనొప్పితో పాటు కళ్ళు తిరగడం, వికారం, ఇంట్లో అందరికీ ఒకేసారి నలతగా ఉండటం... చలికాలం కదా, జ్వరం వచ్చేట్టుంది అనుకుని పారాసిటమాల్ వేసుకుని, కిటికీలు ఇంకా బిగించి పడుకుంటారు. అది కార్బన్ మోనాక్సైడ్ కావచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు.

గాలి చాలక గ్యాస్ సరిగా కాలకపోయినా, పొగ బయటికి పోయే గొట్టం మూసుకుపోయినా ఇది పుడుతుంది. నీలంగా ఉండాల్సిన మంట పసుపుగా, నీరసంగా ఊగడం, బాయిలర్ లేదా పాత గ్యాస్ ఫైర్ (గదిని వెచ్చబెట్టే గ్యాస్ పొయ్యి) చుట్టూ మసి, గోధుమరంగు మరకలు కనిపించడం దీని గుర్తులు. కొత్త బాయిలర్లలో మంట బయటికి కనపడదు కాబట్టి మంట రంగును మాత్రమే నమ్ముకోకూడదు. పాత ఇళ్ళలో ఇంకో సంగతి. చలిగాలి కొడుతోందని గోడలోని వెంట్‌లో అట్టముక్కో పాత దుప్పటో కుక్కేస్తారు. గ్యాస్ ఫైర్ ఉన్న గదిలో ఇది ప్రాణాల మీదికి తెచ్చే పని.

అనుమానం వస్తే అన్నీ ఆపేసి, కిటికీలు తెరిచి బయటికి నడవండి. పై నంబర్‌కే ఫోన్ చేయండి. డాక్టర్‌కి కార్బన్ మోనాక్సైడ్ అనుమానం అని మీ నోటితోనే చెప్పండి, లేకపోతే వాళ్ళకూ తట్టకపోవచ్చు.

దీనికి అలారం ఉంటుంది. తాలింపు వేస్తే గోల చేసేది పొగ అలారం, అది వేరు. దాని బాధ పడలేక ఇంట్లో ఉన్న అలారాలన్నిటి బ్యాటరీలూ పీకేసే మహానుభావులున్నారు. అలారం వెనక గడువు తేదీ ఉంటుంది, ఒకసారి తిప్పి చూడండి.

బాయిలర్ ఆగింది, గేజి ముల్లు 1 కన్నా కిందికి పడింది

చాలా ఇళ్ళలో జరిగేది ఇదే. గేజి చూపించేది లోపలి నీళ్ళ ఒత్తిడి, దాని కొలత బార్. చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లలో గాలి తీసినా, ఎక్కడైనా వాల్వ్ దగ్గర చుక్కచుక్కగా కారుతున్నా పడిపోతుంది. చాలా బాయిలర్ల కింద వెండిరంగు అల్లిక ఉన్న గొట్టం, దానికి చిన్న కుళాయిలు ఉంటాయి. బాయిలర్ ఆపి చల్లారనిచ్చి వాటిని మెల్లగా తిప్పండి. నీళ్ళు పారుతున్న చప్పుడు వస్తుంది, ముల్లు లేస్తుంది. 1.5 దాటకముందే కట్టేయండి. కట్టాక మళ్ళీ చేత్తో కట్టే వైపుకే బిగించి చూడండి. ఒక్కటి కూడా కారకుండా గట్టిగా పడాలి, లేకపోతే ముల్లు 3 దగ్గరికి పోయి, బయటి గోడలోంచి పొడుచుకొచ్చిన రాగి గొట్టంలోంచి నీళ్ళు కారడం మొదలవుతుంది.

వారం వారం నింపాల్సి వస్తుంటే నింపుకుంటూ కూర్చోకండి. హీటింగ్ వేయగానే ముల్లు 3కి ఎగబాకి, ఆపితే సున్నాకి పడుతోందా? అయితే ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో (వేడికి పెరిగే నీళ్ళకు చోటిచ్చే చిన్న ట్యాంకు) గాలి పోయి ఉంటుంది. ఆ ముక్క ఇంజినీర్‌కి ముందే చెప్తే పని త్వరగా తెములుతుంది.

రేడియేటర్ కొంత వేడి, కొంత చల్లన

పైన చల్లగా ఉంటే గాలి చేరినట్టు. హీటింగ్ ఆపి, గుడ్డ అడ్డుపెట్టి, పైమూలనున్న స్క్రూని రేడియేటర్ తాళంచెవితో పావు చుట్టు తిప్పండి. బుస్సుమని గాలి పోయి నీళ్ళు రాగానే బిగించి, గేజి చూసుకోండి. కింద చల్లగా ఉంటే తుప్పు బురద పేరుకుంది, సిస్టమ్ మొత్తం కడిగించాలి. ఒక్క రేడియేటరే పూర్తిగా చల్లగా ఉంటే, దాని వాల్వ్ టోపీ తీసి లోపలి పిన్ లేస్తోందో లేదో చూడండి. వేసవంతా వాడకపోతే అది పట్టేస్తుంది.

గడ్డకట్టే చలి ఉన్న పొద్దున గుడగుడమని ఆగిపోయింది

బాయిలర్ నుంచి బయటికి వెళ్ళే ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు గడ్డకట్టాయి. గోరువెచ్చని నీళ్ళు గొట్టం మీద పోసి, కరిగాక రీసెట్ నొక్కండి. మరుగుతున్న నీళ్ళు పోస్తే గొట్టం పగులుతుంది. ఏటా ఇదే తంతయితే లావుపాటి గొట్టం వేయించి, పైన తొడుగు వేయించండి.

కెటిల్ కాగినట్టు చప్పుడు

లండన్, ఆగ్నేయ ఇంగ్లండ్ వైపు నీళ్ళలో సున్నం ఎక్కువ. అది లోపల పేరుకుంటే ఇలా మోగుతుంది. ఇంజినీర్ పని.

సర్టిఫికెట్ ఉంది, అయినా బాయిలర్ పాడైంది

ఇల్లు అద్దెకిచ్చిన మనవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. ఆ సర్టిఫికెట్ కోసం ఏటా చేయించే గ్యాస్ సేఫ్టీ చెక్ ప్రమాదం ఉందా లేదా అని చూస్తుంది. సర్వీసింగ్ వేరే పని. రెండూ ఒకేరోజు చేయమని ముందే మాట్లాడుకుంటే ఖర్చు కలిసొస్తుంది. ఇంజినీర్ రాగానే గుర్తింపు కార్డు అడిగి, వెనక్కి తిప్పి చూడండి. ఆయన ఏయే పనులకు అర్హుడో అక్కడ ఉంటుంది.

చెక్ 12 నెలలకోసారి తప్పనిసరి. 10వ నెల దాటాక గడువులోపు ఎప్పుడు చేయించినా తర్వాతి 12 నెలలు పాత గడువు తేదీ నుంచే లెక్క, కాబట్టి ఆఖరి వారం దాకా ఆగడంలో లాభమేమీ లేదు. సర్టిఫికెట్ కాపీని ఇప్పటికే ఉంటున్న టెనెంట్‌కి 28 రోజుల్లోగా, కొత్తగా వచ్చేవాళ్ళకు దిగకముందే ఇవ్వాలి. బాయిలర్, గ్యాస్ ఫైర్ లాంటివి ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టడం 2022 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లో ల్యాండ్‌లార్డ్ బాధ్యత, వంట స్టవ్‌కి మాత్రం ఈ నియమం లేదు. సొంతింట్లో ఉండేవాళ్ళకు ఏటా చెక్ చేయించాలన్న చట్టం లేదు. అయినా చేయించుకోండి.

టెనెంట్ తలుపు తీయకపోతే? మీ తాళంతో తోసుకుని వెళ్ళొద్దు. తేదీలిస్తూ రాయండి, రాకపోతే మళ్ళీ రాయండి, ఇంజినీర్ వచ్చి వెనుదిరిగితే అదీ రాసి పెట్టుకోండి. మీ ప్రయత్నం మీరు చేశారని చూపించేవి ఆ కాగితాలే. సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు టికెట్ కొనేముందు గడువు తేదీ చూసుకోండి. ఖాళీగా వదిలివెళ్ళే సొంతింట్లో హీటింగ్ పూర్తిగా ఆపకుండా సన్నగా ఉంచండి.