అమెరికాలో చదువుకుంటూ నాలుగు డాలర్లు సంపాదించారా? ట్యాక్స్ ఫైలింగ్ ఇలా చేయండి

"డైనింగ్ హాల్‌లో గిన్నెలు కడిగిన డబ్బులకి కూడా ట్యాక్సేంటి అన్నా?" ఫిబ్రవరి వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్‌లో కొత్త కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఇదే. ట్యాక్స్ కట్టాల్సింది సున్నా కావచ్చు, కానీ ఫైల్ చేయడం మాత్రం తప్పదు. ఈ రెండిటినీ కలిపేసుకునే చాలామంది ఇబ్బంది పడతారు.

1. ముందు మీ స్టేటస్ తేల్చుకోండి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చినవాళ్లు మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ట్యాక్స్ లెక్కల్లో నాన్‌రెసిడెంట్లే, అంటే అక్కడ స్థిరపడనివాళ్ల కిందే లెక్క. డిసెంబర్ 28న దిగినా ఆ ఏడాది మొత్తం ఒక సంవత్సరం కింద లెక్క.

2. కాగితాలు దగ్గర పెట్టుకోండి. పాస్‌పోర్ట్, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం), ఐ-94 (అమెరికాలో దిగినప్పటి ప్రవేశ రికార్డు)లోని రాకపోకల తేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్, జీతానికి డబ్ల్యూ-2 (ఏడాది మొత్తంలో ఇచ్చిన జీతం, కోసిన పన్ను చూపించే కాగితం). యూనివర్సిటీ జనవరి నెలాఖరుకల్లా డబ్ల్యూ-2 ఇవ్వాలి. ట్యూషన్ పోను హాస్టల్, తిండి ఖర్చులకు కూడా స్కాలర్‌షిప్ వచ్చి ఉంటే ఆ డబ్బు చూపించే 1042-ఎస్ అనే ఫారం కూడా వస్తుంది. దానికి మార్చి మధ్యదాకా ఆగాలి, తొందరపడి ముందే ఫైల్ చేయకండి.

3. డబ్ల్యూ-2ని ఒక్క నిమిషం నిదానంగా చూడండి. 1వ గడిలో జీతం, 2వ గడిలో ఫెడరల్ ట్యాక్స్ కింద పట్టుకున్నది ఉంటాయి. 4, 6 గడులు ఖాళీగా ఉండాలి. అవి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు, నాన్‌రెసిడెంట్ ఎఫ్-1 విద్యార్థికి వర్తించవు. పొరపాటున కోస్తే జీతంలో 7.65 శాతం పోతుంది, అంటే 5,400 డాలర్ల మీద సుమారు 413. వెంటనే పేరోల్ ఆఫీసును అడగండి. వాళ్లు తిరిగివ్వకపోతే ఫారం 843తో పాటు 8316 జతచేసి ఐఆర్ఎస్‌కు (అమెరికా ఆదాయపు పన్ను శాఖకు) పంపాలి.

4. సరైన ఫారం నింపండి. ఒక్క డాలర్ కూడా సంపాదించనివాళ్లు ఫారం 8843 (విద్యార్థిగా ఉన్న రోజులు రెసిడెంట్ లెక్కలోకి రావని చెప్పే పత్రం) ఒక్కటే పంపితే చాలు. జీతం వచ్చినవాళ్లకు 8843తో పాటు 1040-ఎన్ఆర్ (నాన్‌రెసిడెంట్ల ట్యాక్స్ రిటర్న్) కావాలి.

ఇక్కడే మన దేశం వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ ఆర్టికల్ ప్రకారం మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి పన్ను లేకుండా తీసేసే నిర్ణీత మొత్తం) తీసుకోవచ్చు. పక్క బెంచీలో కూర్చునే నేపాల్ ఫ్రెండ్‌కు ఇది లేదు. 2025 ఆదాయానికి పెళ్లికానివాళ్లకు ఇది 15,750 డాలర్లు. మీ జీతం 5,400, పట్టుకున్న ఫెడరల్ ట్యాక్స్ 230 అనుకుందాం. డిడక్షన్ పోతే పన్ను పడే ఆదాయం సున్నా కాబట్టి ఆ 230 మొత్తం మీకు రిఫండ్. ఫైల్ చేయకపోతే మాత్రం ఐఆర్ఎస్ తనంతట తానుగా పిలిచి ఇవ్వదు.

5. సాఫ్ట్‌వేర్ విషయంలో జాగ్రత్త. అందరూ వాడే ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలావరకు రెసిడెంట్ల 1040 ఫారానివే. నా రూమ్మేట్ ఒకడు అలాంటిదాంట్లోనే ఫైల్ చేసి, చదువు ఖర్చుల క్రెడిట్ కింద వెయ్యి డాలర్లు అదనంగా వచ్చాయని బిర్యానీ పార్టీ ఇచ్చాడు. ఆ క్రెడిట్ నాన్‌రెసిడెంట్లకు లేదు. తర్వాత 1040-ఎక్స్ (తప్పు సరిదిద్దుకునే రిటర్న్) వేసి, వడ్డీతో సహా వెనక్కి కట్టాడు. ఆ టెన్షన్ ముందు బిర్యానీ ఏపాటి! నాన్‌రెసిడెంట్ల కోసమే స్ప్రింట్యాక్స్, గ్లేసియర్ లాంటివి ఉన్నాయి. చాలా యూనివర్సిటీలు ఫ్రీ కోడ్ ఇస్తాయి, ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి.

6. రాష్ట్రం సంగతి వేరు. టెక్సాస్, ఫ్లోరిడాల్లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. న్యూజెర్సీ, ఇల్లినాయ్, మిస్సోరీల్లో ఉంది, అక్కడ విడిగా చూసుకోవాలి.

7. పంపండి. జీతం వచ్చినవాళ్లకు గడువు ఏప్రిల్ 15, 8843 ఒక్కటే పంపేవాళ్లకు జూన్ 15. 1040-ఎన్ఆర్‌ని ఆన్‌లైన్‌లో ఫైల్ చేయొచ్చు. 8843 ఒక్కటే అయితే సంతకం చేసి పోస్టులోనే పంపాలి. కవరు అంటించేముందు ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. ఎఫ్-2 (డిపెండెంట్ వీసా) మీద భార్య లేదా పిల్లలు మీతో ఉంటే వాళ్లకూ ఒక్కొక్కరికి విడిగా 8843 ఉండాలి, ఏడాది నిండని పాపాయికి కూడా.